కప్తాన్ గది

శనివారం కులపెద్దలు కూర్చుంటారు. ఇవాళ గురువారం. ధర్మయ్య చేతిలో మిగిలింది రెండు రోజులు, ఒక నీళ్లకుండ, అడుగంటిన నీలం రంగు డబ్బా.

కుండ బోర్లించి సముద్రాలు పూస్తున్నాడు. భూగోళం కావాలి. అసలుది కొనే తాహతు లేదు. ఏ దేశం ఎక్కడుంటుందో అతనికీ సరిగా తెలియదు. చెయ్యి ఎటు పోతే అటు పెట్టేస్తున్నాడు.

లీలమ్మ పుట్టింటికి పోయి నలభై రోజులైంది. తొమ్మిదేళ్ల కాపురం. అతను కొట్టింది లేదు, తిట్టింది లేదు. ఎవరెన్నిసార్లు అడిగినా ఒక్కటే మాట: "నాకు ఆ ఇంట్ల ఉండబుద్ధయితలేదు." శనివారం పెద్దల ముందు కూడా అదే అంటే తెగదెంపులే. ఆమె లేని ఇల్లు ధర్మయ్యకు ఇల్లు కాదు. అన్నం వండుకుంటే మాడుతుంది. మాడనినాడు గొంతు దిగదు.

తప్పెక్కడ జరిగిందో అతనికి తెలుసు. తన నోటిదే తప్పు.

పోచంపల్లిలో మగ్గం బాగా ఆడిన రోజుల్లో అతనికి మగ్గం గుంటలోంచి లేచే తీరిక ఉండేది కాదు. నేసిన చీరల మూటను లీలమ్మే బస్సులో పట్నం తీసుకుపోయి దుకాణంలో ఇచ్చి వచ్చేది. బస్సు తప్పితే అక్కడే చిన్నమ్మ ఇంట్లో పడుకుని తెల్లారి వచ్చేది. తర్వాత నూలు ధర కొండెక్కింది, మగ్గం ఆగింది. ధర్మయ్య పట్నంలో ఒక పాత హోటల్ వంటింట్లో పనికి కుదిరాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికొచ్చేవాడు.

ఓడల్లో దేశాలన్నీ తిరిగిన తెల్లదొర ఒకాయన వందేళ్ల కింద కట్టుకున్న బంగళా అది. హోటల్‌గా మార్చినా దొర సామానును అట్లాగే ఉంచారు. మూడు నెలలు తిరగ్గానే ధర్మయ్యను పై అంతస్తు గదులకు మార్చారు. కప్తాన్ గది ఉన్నది అక్కడే. తలుపు పక్కనే గోడంత సముద్రపు పటం. ఇత్తడి దుర్భిణి, భూగోళం, మంచం పక్కన తోలుపెట్టెలు. మంచం మీద దిక్సూచి నక్షత్రం నేసిన దుప్పటి.

గమ్మత్తేమిటంటే, ఆ గదిలో లైటు స్విచ్చి ఎక్కడా కనిపించదు. పటం చట్రం వెనకాల దాచారు. వచ్చినవాళ్లు గోడలన్నీ తడిమి తడిమి చివరికి గంట కొడతారు. ముసలి బేరర్ లచ్చయ్య నవ్వుతూ చెప్పాడు: "మల్లమల్ల వచ్చేటోళ్లు మాత్రం మనల్ని పిలవరు. ఆళ్ల చెయ్యి దానంతట అదే పోతది."

ఆ పక్షం ఇంటికొచ్చినప్పుడు అన్నం ముందు కూర్చుని ధర్మయ్య ఆ గది గొప్పలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. వడ్డిస్తున్న లీలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇక ఆ గదిని నువ్వే చూసుకుంటావా అని మాత్రం అడిగింది. వారం తిరక్కముందే పుట్టింటికి వెళ్లిపోయింది.

పోదా మరి? కారే కప్పు కింద కూర్చున్న ఆడమనిషికి అటువంటి గది ముచ్చట చెప్పి ఊరిస్తే మనసు విరగదా? తొమ్మిదేళ్లలో ఆమెకు ఒక్క సరదా తీర్చాడా? ఆలోచించిన కొద్దీ ధర్మయ్యకు తన చెంపలు తానే వాయించుకోవాలనిపించింది. అప్పుడే అనుకున్నాడు, ఆ గదిని ఇంట్లోకి తెస్తానని. హోటల్లో కాళ్లావేళ్లా పడి సెలవు తీసుకున్నాడు.

బోర్డులు రాసే దుర్గయ్యను బతిమాలి పాత దుప్పటి మీద సముద్రపు పటం గీయించాడు. దానికి చట్రం కావాల్సివస్తే మగ్గం కర్రలే కోశాడు. కోస్తుంటే ఏడుపొచ్చింది. అయినా కోశాడు. రేకు పెట్టెలకు తోలు రంగు పూశాడు. పైపు ముక్కకు బంగారు కాగితం చుట్టి దుర్భిణి అన్నాడు. మంచం మీది దుప్పటి ఒక్కటి మాత్రం అసలుదానికి వీసమెత్తు తగ్గలేదు. మగ్గం కొయ్యకముందే, మిగిలిన నూలుకు రంగు అంటకూడని చోటల్లా దారంతో చిటికి కట్టి, రంగుల్లో ముంచి, ఎనిమిది కొనల నక్షత్రం నేసి పెట్టుకున్నాడు.

ఆఖరున పాత స్విచ్చి పీకించి, తలుపు పక్కన తగిలించిన పటం వెనక్కి మార్పించాడు. లీలమ్మకు గది గురించి అన్నీ చెప్పాడు గానీ ఈ ఒక్క ముచ్చట ఆనాడు మరిచాడు. అదే మంచిదైంది. ఆమె గోడంతా తడుముతుంది. తను పోయి చూపిస్తాడు. ఆమె నవ్వుతుంది. ఆ నవ్వొక్కటి వస్తే చాలు, పెద్దలతో పనే లేదు.

శుక్రవారం పొద్దుగూకే వేళకు అత్త సుభద్రమ్మ కూతురిని వెంటబెట్టుకొచ్చింది. ఊరికే చూసి పోవడానికే ఒప్పుకుందని, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని అల్లుడి చెవిలో చెప్పి తను అరుగు మీద కూలబడింది.

ఆ లోపలి గదికి కిటికీ లేదు. తలుపులోంచి పడే మసక వెలుతురులో పటం, దుప్పటి మీది నక్షత్రం లీలగా కనిపిస్తున్నాయి. లీలమ్మ గడప దాటి నిలబడిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు నిండాయి. ధర్మయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"ఎందుకు చేసినవయ్యా గిది?" అంది.

"నీ కోసమే. నాకు గింతే చేతనైంది. ఉండిపో లీలా," అన్నాడు. ఇంకేం మాట్లాడాలో తెలియక, "జర ఆగు, చీకట్ల నీ ముఖం కనవడ్తలేదు," అన్నాడు.

ఎడమచేత్తో కొంగు కళ్లకు అద్దుకుంటూ, అటువైపు చూడనైనా చూడకుండా, లీలమ్మ కుడిచెయ్యి పటం చట్రం వెనక్కి పోయి లైటు వేసింది.