హిడ్మే రాయి

"ఆడనే ఆగు. గుమ్మం తొక్కకు" అన్నాడు తండ్రి బండి.

కూతురు హిడ్మే నెత్తిమీది మూట దించబోయి ఆగిపోయింది. తెలంగాణలో రెండు నెలలు మిరపకాయలు ఏరి, సరిహద్దు దాటి కొంటాలో జీపు దిగి, పొద్దుటినుంచి ఎండలో నడిచి వచ్చింది. వేళ్ళు ఇంకా మండుతున్నాయి.

"ఏందయ్యా? నేను, హిడ్మేను."

"ఎరుకే. అందుకే ఆగమంటున్న."

బండి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వు పోయిన వారానికే పోలీసులొచ్చిండ్రు. గుట్ట తవ్వొద్దని మీటింగుల పాట పాడినవు గదా, ఆ ఫొటో తెచ్చిండ్రు. నీ బిడ్డ దళంలకు పోయింది, యాడ దాచినవన్నరు. మిరపతోటలకు పోయిందంటే నవ్విండ్రు. మూడోసారి మీ అన్న కేసాను పట్కపోయిండ్రు."

"అన్నేడీ?"

"లోపల పండుకున్నడు. నువ్వు చచ్చిపోయినవని చెప్పినంక వదిలిండ్రు."

హిడ్మేకు నవ్వొచ్చింది. తండ్రి నవ్వలేదు.

"జరమొచ్చి పోయిందని ఊరిపెద్ద పటేల్ ఒట్టేసి చెప్పిండు. నీ పేర సమాధి రాయి నిలబెట్టినం. దినానికి ఆవును కోసినం. ఊరంతా సారా తాగింది, ఊరంతా ఏడ్చింది. పోలీసులు రాయిని ఫొటో తీస్కొని పోయిండ్రు. నువ్వు బతికే ఉన్నవని తెలిస్తే పటేల్ ఉండడు, మీ అన్నా ఉండడు."

"నేనే ఠాణాకు పోయి చెప్త. కూలికి తీస్కపోయిన మేస్త్రీని అడగమంట."

"చెప్పు. దళంల లేని పిల్లకోసం ఊరంతా అబద్ధమెందుకు ఆడిందంటే ఏమంటవ్?"

హిడ్మే వీధివైపు తిరిగింది.

పక్కింటి ముయె నీళ్ళబిందెతో వస్తోంది. చిన్నప్పటినుంచీ ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. హిడ్మే పేరుపెట్టి పిలిచింది. ముయె తలెత్తలేదు. అక్కడ మనిషే లేనట్టు పక్కనుంచి వెళ్ళిపోయింది.

అప్పుడు తల్లి బయటికొచ్చింది, ఆకుదొప్పలో జావతో. హిడ్మే చేయి చాచింది. తల్లి ఆ చేతిని చూడకుండా ఊరిబయటికి నడిచింది. హిడ్మే వెనకే వెళ్ళింది.

అక్కడ కొత్తగా నిలబెట్టిన రాయి, పక్కన గుంజకు కట్టిన ఆవుతోక. తల్లి దొప్పను రాయి ముందు పెట్టింది.

"తిను బిడ్డా" అంది, రాయితోనే. అని కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆకలి రుచెరగదంటారు. చచ్చిన తనకు పెట్టిన కూడు హిడ్మే మూట దించి తనే తిన్నది. పరాయి చేలల్లో, పరాయి మాటల మధ్య రెండు నెలలున్నా ఇంత ఒంటరిగా ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. ఏడుద్దామంటే పక్కన ఓదార్చేవాళ్ళు లేరు.

బండి వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"పొద్దు కుంకకముందే పో బిడ్డా. సాయంత్రం గస్తీ వస్తది."

"యాడికి పోవాలె?"

"మళ్ళ తోటలకే పోరాదూ?"

"ఏరుడు అయిపోయింది. దుక్కి దున్నుతున్నరు."

హిడ్మే మూట నెత్తికెత్తుకుంది. చుట్టూ అడవే, అన్ని వైపులా ఒకేలా ఉంది.

"అయ్యా, ఆ దళపోళ్ళను నేనెన్నడూ చూళ్ళేదు. ఏ దిక్కుకు పోతే దొరుకుతరు?"