తవుడు ముట్టని కోడి

దున్నపోతు గిట్ట కింద నలిగి కోడిపిల్ల చచ్చింది. తల్లికోడి పెరటికి పెద్ద అయిన మేక దగ్గర పంచాయితీ పెట్టింది. అక్కడి ఆచారం ప్రకారం, పరిహారంగా పోసిన తవుడుకు బాధితుల ముక్కు తగిలిందంటే తగువు తీరిపోయినట్టే.

దున్నపోతు తవుడు పోసి, "నీ పిల్లే అడ్డమొచ్చిందమ్మా. తిని మరిచిపో," అంది.

"కళ్ళు నెత్తికెక్కించుకుని నడిచింది నువ్వు. ఆ మాట అందరి ముందూ ఒప్పుకో, అప్పుడు తింటాం."

"రోషం కడుపు నింపదే," అని మేక నసిగింది.

ఇంతలో మిగతా పిల్లలు ఆకలికి తాళలేక తవుడు మీదికి ఉరికాయి. కోడి ఒక్క గంతులో అడ్డం దూకి, వెనక్కి తిరిగి, రెండు కాళ్ళతో మట్టి చిమ్మి తవుడంతా కప్పెట్టింది.

"ఇప్పుడు చెప్పవయ్యా, నా పిల్ల ఎట్లా చచ్చింది?"

దున్నపోతు ఆసరా కోసం మేక వైపు చూసింది. మేక కూడా జవాబు కోసం దాని వైపే చూస్తోంది.