అద్దం మీద ఆవిరి

"కార్లో హీటర్ పనిచేయడం లేదు మేస్త్రీ. కాస్త చూడాలి."

మేస్త్రి తన షెడ్డులో ఓ కొత్త కారు కింద పడుకుని ఉన్నాడు. తల బయటపెట్టలేదు. కంటికి ఆనిన అరిగిన బూట్లను బట్టే మనిషిని అంచనా కట్టేశాడు.

"ఆన్ చేస్తే గాలి వస్తోందా?"

"లేదు. మొదట గరగరమని చప్పుడొచ్చింది. తర్వాత కాలిన వాసన. ఇప్పుడు ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"గాలి కొట్టే బ్లోయర్ మోటారు పోయింది. డ్యాష్‌బోర్డు కింద సగం ఊడదీయాలి. రేపు రండి."

పెద్దాయన సరేనని వెళ్లిపోయాడు.

మేస్త్రి పనిమంతుడే. కాకపోతే 'రేపు' అన్న మాట ఆయన నాలుక చివరే కాపురం ఉంటుంది. వీధిలో వాళ్లు చాటుగా 'రేపు మేస్త్రి' అని పిలుచుకుంటారు.

ఇంట్లో అమ్మకూ అదే మర్యాద.

"ఒరే, ఈ కళ్లజోడు సంగతి చూడరా."

అమ్మ కళ్లజోడుకు ఓ పక్క కాడ లేదు. దారం కట్టి చెవికి తగిలించుకుంటుంది.

"రేపు చూస్తానమ్మా."

"ఆ మనిషి జాడేమైనా తెలిసిందా?"

ఈ ప్రశ్న మాత్రం రోజూ తప్పదు. చలికాలం మొదట్లో ఆవిడ బస్టాపులో పడిపోయింది. ఎవరో కార్లో తీసుకెళ్లి ఆస్పత్రిలో చేర్చారు. మేస్త్రి పరుగెత్తుకెళ్లేసరికి ఆ మనిషి లేడు. పేరైనా చెప్పలేదట. కాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

"తెలియలేదమ్మా. దొరికితే కాళ్ల మీద పడనూ?"

"నువ్వు పడకపోయినా ఫర్వాలేదు. ఇంటికి తీసుకురా. ఒక్కసారి కళ్లారా చూడాలి."

మర్నాడు పెద్దాయన మళ్లీ వచ్చాడు. బయట ఎముకలు కొరికే చలి. కారు కిటికీలు మాత్రం నాలుగూ దించి ఉన్నాయి.

"ఇదేంటి పెద్దాయనా, ఈ చలిలో అద్దాలు దించుకుని తిరుగుతున్నారు?"

"ఎక్కిస్తే ముందు అద్దానికి ఆవిరి పట్టేస్తోంది బాబూ. దారి కనబడదు. గాలి ఆడితే కాస్త నయం."

"ఇంట్లో వెచ్చగా కూర్చోక ఎందుకండీ ఈ షికార్లు?"

పెద్దాయన నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు అడ్డొచ్చింది.

"నాదేముంది? ఎక్కేవాళ్లు వణికిపోతున్నారు."

"ఈ డొక్కు కారు ఎవరెక్కుతారులెండి! రేపు చూద్దాం."

ఆ రేపు గడిచింది. ఇంకో రేపూ గడిచింది. కొత్త కారు వచ్చినప్పుడల్లా పాత కారు వంతు వెనక్కి జరిగింది. పెద్దాయన ఒక్కరోజూ విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే పని జరిగేదేమో.

తర్వాత రావడం మానేశాడు.

'వేరే షెడ్డు చూసుకుని ఉంటాడు. పీడా వదిలింది' అనుకున్నాడు మేస్త్రి.

చలి ఇంకా పోకముందే అదే కారు షెడ్డు ముందు ఆగింది. దిగింది ఒకమ్మాయి. కళ్లు వాచి ఉన్నాయి.

"నాన్నగారు రాలేదా అమ్మా?"

"పోయారన్నా. నెమ్ము చేసింది. కిటికీలు తెరుచుకుని తిరగొద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు."

మేస్త్రి చేతిలో పానా బరువెక్కింది. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"మరి కారు... అమ్మేస్తారా?"

"లేదు. హీటర్ బాగుచేసివ్వండి, ఇక నేను నడుపుతాను. నాన్న రోజూ పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లే ముసలివాళ్లని ఎక్కించుకుని దింపి వచ్చేవారు. ఉన్న దుప్పట్లన్నీ వాళ్లకి కప్పేవారు. వేరే షెడ్డుకి వెళ్లమంటే, మేస్త్రి రేపు చేస్తానన్నాడమ్మా, మాటిచ్చాక ఇంకోచోటికి పోతే బాగుండదు అనేవారు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే మేస్త్రికి ఎక్కువ గుచ్చుకుంది.

ఈసారి రేపు అనలేదు. కొత్త కారును పక్కకి తోయించి, పాత కారు ముందు సీటు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. డ్యాష్‌బోర్డు కింద అర ఊడదీశాడు. మరలు విప్పాడు. మోటారు చేతిలోకి వచ్చింది. నల్లగా మాడిపోయి ఉంది.

దాని ఫ్యాన్ తిప్పి చూశాడు. తిరగలేదు. రెక్కల మధ్య ఏదో ఇరుక్కుంది. ముందు అద్దం కింద గాలి వచ్చే సందులోంచి జారి పడి ఉంటుంది. అదే ఫ్యాన్‌ని పట్టేసి మోటారును కాల్చేసింది.

పట్టకారుతో లాగాడు.

కళ్లజోడు కాడ. విరిగినచోట ఎర్ర వైరు చుట్టి ఉంది.

"అయ్యో, ఇక్కడ పడిందా!" అంది అమ్మాయి వెనకనుంచి. "నాన్న దీనికోసం కారంతా గాలించారన్నా. చలికాలం మొదట్లో ఎవరో పెద్దావిడ బస్టాపులో పడిపోతే, ముందు సీట్లో పడుకోబెట్టి, హీటర్ ఆమె మొహానికేసి పెట్టి తీసుకెళ్లారు. ఆవిడ కళ్లజోడు తీసి ముందు అద్దం దగ్గర పెట్టారట. ఆస్పత్రిలో ఇచ్చేటప్పుడు చూస్తే ఓ కాడ లేదు. దొరికితే ఇచ్చిరావాలి, పాపం ఆవిడకి చూపెలా ఆనుతుందో అని ఒకటే బాధపడేవారు."

మేస్త్రి కిందటేడు తన చేత్తో చుట్టిన ఎర్ర వైరును బొటనవేలితో తడుముతూ ఉండిపోయాడు.

"ఆవిడ బతికిందో లేదో అన్నా."

"బతికిందమ్మా" అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా. "మీ నాన్నగారిని ఒక్కసారి కళ్లారా చూడాలని, నన్ను రోజూ అడుగుతోంది."