టీకా లేని కుక్క

మెడకు తాడు బిగుస్తున్నా కర్రి తోక ఊపుతూనే ఉంది. మనుషుల మీద ఇంకా నమ్మకం పెట్టుకున్న వీధికుక్క అది.

నాచారంలోని ఆ అపార్ట్‌మెంటు సెక్రటరీ బుచ్చిబాబు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, దాన్ని ఆటోలోకి లాగుతున్న ఇద్దరు మనుషులకు దూరం నుంచే సైగలు చేస్తున్నాడు. రోజూ దానికి అన్నం పెట్టే పక్కింటి శంకరమ్మ పరుగున వచ్చి ఆటోకు అడ్డం నిలబడింది.

"అది ఏం జేసింది సారూ? పోయిన నెల వాంతులతోని సావుదాక పోయి బతికింది. దాన్ని గిట్ల తోలిస్తరా?"

"ఆ రోగం తెచ్చింది అదే కదమ్మా! మా పిల్లలకి అన్ని టీకాలూ వేయించాం. దీనికెవరు వేయించారు?"

పిల్లలంటే కుక్కపిల్లలే. పార్వో జబ్బుతో అపార్ట్‌మెంటులో అప్పటికే రెండు చచ్చిపోయాయి. టీకా వేసినవి ఎందుకు చచ్చాయన్న ప్రశ్న బుచ్చిబాబు బుర్రకు తట్టలేదు. అందులో అంత చోటు లేదు. వాచ్‌మన్ చేత శంకరమ్మను పక్కకు తప్పించాడు. కుక్కను ఊరి బయట వదిలేయడానికి ఆటో ఘట్‌కేసర్ వైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఆయన సొంత కుక్కపిల్ల లియో నెత్తురు విరేచనాలతో కూలబడింది. కూతురు గీతిక దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే, ఏఎస్ రావు నగర్‌లోని పశువుల డాక్టరు హరిత దగ్గరికి తీసుకెళ్లాడు.

ఈసారి వైరస్ రూపు మార్చుకున్నట్టుందని, పాత రూపానికి చేసిన టీకా దీన్ని పూర్తిగా ఆపలేకపోతోందని, అందుకే టీకాలు వేసినవి కూడా వరసగా పడిపోతున్నాయని డాక్టరు వివరించింది. తాను వేయించింది ఫారిన్ టీకా అని బుచ్చిబాబు గొప్పగా చెప్పాడు. టీకా ధర వైరస్‌కు తెలియదని ఆమె అంది.

"మందులకు లొంగడం లేదు. ఇదే రోగం వచ్చి తట్టుకున్న కుక్క రక్తం ఎక్కిస్తే ఒక్క ఆశ. అట్లాంటిది ఉందా?"

గీతిక ముఖం వెలిగింది. "నాన్నా, మన కర్రి ఉంది కదా! తొందరగా తీసుకురా!"

బుచ్చిబాబు బయటికి పరిగెత్తి, ఆటోవాడికి ఫోన్ చేశాడు. కుక్క ఎక్కడని అడిగేలోపే అవతలివాడు అందుకున్నాడు.

"ఫికర్ జెయ్యకున్రి సార్. యాడ ఇడిసినా మల్ల వాపస్ వస్తదని, ఖతం జేసినం."