మిగిలిన గుక్క

అంకమ్మరావు కొట్టిన దెబ్బకి లూకయ్య చేతిలోని సీసా జారి గచ్చు మీద భళ్లున పగిలింది.

వైన్ వాసన గుప్పుమంది.

"ప్రభువు బల్లకి పెట్టింది తాగుతావా, ముసలి దొంగా!"

లూకయ్య చెంప పట్టుకోలేదు. కుడి డొక్క పట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

శనివారం సాయంత్రం. గురజాలలో ఒక చర్చి వెనక గది. మర్నాడు నెల మొదటి ఆదివారం. రొట్టె విరిచి, ఒకే వెండి గిన్నెలో వైన్ పోసి అందరికీ తలో గుక్క ఇస్తారు. అడుగున మిగిలిన గుక్కని పారబొయ్యరు. అది పాస్టరే తాగెయ్యాలి.

ఆ గిన్నెలోది కొన్నాళ్లుగా మరీ తియ్యగా ఉంటోందని సంఘంలో గొణుగుడు మొదలైంది. సంఘపెద్ద జకరయ్య కాపు కాశాడు. తోడుకి అంకమ్మరావును తెచ్చుకున్నాడు.

చర్చి వాచ్‌మన్ లూకయ్య దొరికిపోయాడు. చేతిలో సగం ఖాళీ అయిన సీసా. స్టవ్ మీద నల్ల కిస్‌మిస్ ఉడికించిన నీళ్లు.

"సగం తాగటం, కిస్‌మిస్ నీళ్లు కలిపి మనకి పొయ్యటం! ఏడాది కిందట సంచి పట్టుకుని వచ్చి చోటడిగితే ఇచ్చాం. ఏ ఊరని కూడా అడగలా," అన్నాడు జకరయ్య.

"నేను తాగలేదయ్యా."

"మరి సీసాలోది ఏవైంది? ఎండకి ఎగిరిపోయిందా?"

లూకయ్య నోరు తెరిచాడు. అంకమ్మరావు ముఖంలోకి చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఆ చూపుకి అంకమ్మరావు ఒళ్లు మండిపోయింది.

ఎందుకు మండదు? పదిహేనేళ్లు తాగినవాడు. సీటు కింద సీసా లేనిదే అతని క్వారీ టిప్పరు కదిలేది కాదు. పది నెలల కిందట, భార్య కోటేశ్వరి చెయ్యి పట్టుకుని వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పట్నించీ క్వారీ గేటు దాటే ముందు టిప్పరు ఆపుతాడు. స్టీరింగు మీద తల ఆనించి "ప్రభువా, ఈ ఒక్క పూట" అని అడుగుతాడు. అలా పూటపూటా అడుక్కుని నిలబడ్డ మనిషి ముందు, చర్చిలోనే ఒకడు తాగుతాడా?

పైగా ఈ ముసలాడే బాప్తిస్మం అయిన వారం తనని పక్కకి పిలిచి అడిగాడు.

"అబ్బాయ్, ఆదివారం గిన్నె నీ నోటిదాకా వస్తది. ఆ గుక్క నిన్నేం చెయ్యదుగా?"

"ఏంది తాతా, నేనింకా తాగుబోతునేనా నీకు? నా దేవుడి మీద నమ్మకం లేదా? ఇంకోసారి ఆ మాటంటే మర్యాద దక్కదు!"

లూకయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అది గుర్తొచ్చి అంకమ్మరావు ఇంకోసారి చెయ్యెత్తాడు. జకరయ్య ఆపాడు.

"నీ చేతులెందుకు పాడుచేసుకుంటావ్. పొమ్మను."

లూకయ్య వంగి, ఎవరి కాళ్లకీ గుచ్చుకోకుండా గాజుపెంకులన్నీ ఏరాడు. సంచి కూడా తీసుకోకుండా మాచర్ల బస్సెక్కాడు.

సీసా పగిలింది కనుక ఆ నెల బల్ల లేదు. మరుసటి నెల కొత్త సీసా తెప్పించి, గిన్నె జకరయ్యే స్వయంగా నింపాడు.

గిన్నె అంకమ్మరావు పెదాలకి తగిలింది. గుక్క నోట్లో పడింది.

నాలుక భగ్గుమంది.

ఇంకో గుక్క, ఇంకొక్క గుక్క అని ఒళ్లంతా అరిచింది. వేళ్లు గిన్నెను వదల్లేదు. పాస్టరు లాక్కోవాల్సి వచ్చింది.

అంకమ్మరావు మింగలేదు. బుగ్గలో పట్టుకుని, కూర్చున్నవాళ్లని దాటుకుంటూ బయటికి పరిగెత్తి మట్టిలో ఉమ్మేశాడు. మోకాళ్ల మీద పడ్డాడు.

"ప్రభువా, ఈ ఒక్క పూట!"

పది నెలలుగా గిన్నెలో తీపి తప్ప మరేమీ లేదు. చర్చిలో పోసేది అలాగే ఉంటుందేమో అనుకున్నాడు.

జకరయ్య ఊగిపోతూ వచ్చాడు.

"పవిత్రమైనదాన్ని మట్టిలో ఉమ్ముతావా? సిగ్గుందా నీకు?"

"లేదు! ఉంటే ఆ ముసలాయన మీద చెయ్యి లేస్తదా?" అంకమ్మరావు అరిచాడు. "ఆయన తాగలేదయ్యా, పారబోశాడు! ఈ చుక్క నా నోట్లో పడకుండా కిస్‌మిస్ నీళ్లు పోశాడు. అది చెప్తే పదిమందిలో నా పరువు పోద్దని దెబ్బ తిని పోయాడు. నేను కొట్టా, నువ్వు తరిమావ్. చానా పవిత్రులం మనిద్దరం!"

జకరయ్య వెళ్లి వెనక గది తలుపు తీశాడు.

లూకయ్య సంచి వెనక గదిలోనే ఉంది. అందులో బైబిలు. దాని మొదటి పేజీలో మాచర్ల దగ్గర వెల్దుర్తి చిరునామా.

అంకమ్మరావు ఆ సంచి భుజాన వేసుకుని, బైకు మీద దారంతా తనని తాను తిట్టుకుంటూ వెళ్లాడు.

రేకుల ఇంట్లో కుర్చీ మీద లూకయ్య ఫొటో ఉంది. పక్కన సగం కాలిన కొవ్వొత్తి.

"పది రోజులైంది బాబూ. లివరు ఎప్పుడో పోయింది," అంది ఆయన భార్య దేవమ్మ. "నువ్వు అంకమ్మరావువేగా?"

"నేను ఆయన్ని కొట్టానమ్మా."

"చెప్పాడు. 'తాగాననుకుని నన్నే కొట్టాడే, ఇంక ఆ అబ్బాయికి భయం లేదు' అని నవ్వాడు."

అంకమ్మరావు కొట్టిన చేతిని గోడకేసి బాదుకున్నాడు.

"నేనాయనకి ఏమవుతానమ్మా? నాకోసం ఎందుకింత పడ్డాడు?"

దేవమ్మ అతను తెచ్చిన సంచిలోంచి బైబిలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆరేళ్లు చుక్క ముట్టకుండా ఉండి, బల్ల అయ్యాక గిన్నెలో మిగిలిన గుక్క పారబొయ్యకూడదని తాగి, ఆ గుక్కతోనే మళ్లీ మొదలుపెట్టిన పాస్టరు బాబూ ఆయన."