రెజిన్ కింద రెండు మాటలు

ఉదయం ఎనిమిది నలభైకి చెల్లెలు గిటారు పెడల్ మీద తప్పు చూసింది. వాల్యూమ్ నాబ్ దగ్గర టోన్ అనీ, టోన్ నాబ్ దగ్గర వాల్యూమ్ అనీ ఉంది. ఆ రెండు మాటల మీదా రెండు మిల్లీమీటర్ల మందాన, పోశాక గాజులా ఆరే జిగురు, రెజిన్ గట్టిపడి ఉంది.

గిటారుకీ స్పీకరుకీ మధ్య కాలితో నొక్కే ఈ అల్యూమినియం పెట్టెలను అన్నాచెల్లెళ్లు ఇంటి ముందు గదిలో తయారు చేస్తారు. లోపలి వైర్లు అన్న పని. అక్షరాలు అంటించడం, రెజిన్ పోయడం, మెరుగు పెట్టడం చెల్లెలి పని. అక్షరాలు అంటించేటప్పుడు ఆమె అన్న గీసిన బొమ్మ చూసింది. అన్న ఆ బొమ్మను పెట్టె బోర్లించి లోపలి నుంచి చూస్తున్నట్టు గీశాడు. అందులో కుడివైపు ఉన్నది పెట్టె పైన ఎడమవైపు వస్తుంది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది.

రెజిన్ ఆరాక నీళ్లు చల్లుతూ ఆరువందల నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి మూడువేల నంబరు దాకా రుద్దింది. రుద్దినంతసేపూ పైభాగం తెల్లగా మసకబారి ఉంటుంది, కింద ఏముందో కనపడదు. నిన్న మధ్యాహ్నం పాలిష్ పట్టించాక అద్దంలా తేలింది. అందులో తన మొహం చూసుకుంది గానీ అక్షరాలు చదవలేదు. సాయంత్రం అన్న వైర్లు పెట్టి మూత బిగించాడు.

ఈ పెడల్ చేయించుకున్న గిటారిస్టు పదింటికి వచ్చి తీసుకెళ్తాడు. సాయంత్రం అతనికి కచేరీ ఉంది.

కిందటి పెడల్ రెజిన్‌లో దోమ చిక్కుకుంది. అప్పుడే అన్న అన్నాడు: "ఇంకొక్కటి పాడు చేశావంటే రెజిన్ పని పెయింట్ షాపుకి ఇచ్చేస్తా. నువ్వు చక్కగా పార్సిళ్లు కట్టుకో."

ఇప్పుడు అన్న స్నానాల గదిలో ఉన్నాడు. అతని స్నానం అరగంటకు తక్కువ ఉండదు. రెజిన్ గీకి మళ్లీ పోయాలంటే నాలుగు రోజులు. అక్షరాలు కదలవు. నాబ్‌ల కింద ఉండే కంట్రోళ్లు కదులుతాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. నట్లు విప్పి, వైర్లతో సహా అటుది ఇటు, ఇటుది అటు పెడితే సరిపోతుంది.

స్క్రూడ్రైవర్ దాని చోట లేదు.

"నాన్నా, స్క్రూడ్రైవర్ చూశావా?"

నాన్న ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసి మానేశాడు. ఇప్పుడు కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు. తల ఎత్తకుండా కిటికీ గట్టు మీద నుంచి తీసి ఇచ్చాడు.

"ఎందుకమ్మా?"

"దుమ్ము దులపడానికి."

"స్క్రూడ్రైవర్‌తోనా?"

"నువ్వు పేపరు చదువుకో నాన్నా."

వెనక మూతకు నాలుగు స్క్రూలు ఉండాలి. మూడే ఉన్నాయి. "దోమకి ఇల్లు పీకి పందిరేశాడు, తను మాత్రం స్క్రూ బిగించడు" అని గొణుక్కుంది. నట్లు తిప్పేటప్పుడు రెజిన్ గీసుకుపోకుండా చుట్టూ కాగితం టేపు అంటించింది. కంట్రోళ్లు మార్చింది. స్పీకరుకి పెట్టి చూడలేదు. ఒక్క స్వరం మోగితే చాలు, అన్న సబ్బు నురగతోనే బయటికి వచ్చేస్తాడు. ఉన్న మూడు స్క్రూలూ బిగించి, టేపు పీకి, మెత్తటి గుడ్డతో వేలిముద్రలు తుడిచింది.

తొమ్మిది ఇరవైకి అన్న తల తుడుచుకుంటూ వచ్చాడు. పెడల్‌ను వెలుతురులో అటూ ఇటూ వంచి చూశాడు.

"బాగా వచ్చింది."

"నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"ఒకసారి మెచ్చుకుంటే ఓర్చుకోలేవేంటే?"

పది గంటలకు గిటారిస్టు వచ్చాడు. "అబ్బో! దీంట్లో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు గురూ" అంటూ స్పీకరు దగ్గర కూర్చుని వైర్లు తగిలించడం మొదలుపెట్టాడు.

అన్న చెల్లెలి చెవి దగ్గరికి వంగాడు. "అక్షరాలు తారుమారు చేశావు. కంగారు పడకు. నిన్న బిగించేటప్పుడే చూశా. కంట్రోళ్లు మార్చి పెట్టేశాలే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నా మాట మీద నేను నిలబడాలిగా. పెయింట్ షాపు వాడు నీలా మూడువేల నంబరు దాకా రుద్దుతాడా?"

చెల్లెలు బల్ల అంచు పట్టుకుంది. "అన్నయ్యా, నేను కూడా మార్చాను."

"ఏంటీ? ఎప్పుడు?"

"నువ్వు సబ్బు రుద్దుకుంటున్నప్పుడు."

"అంటే మళ్లీ మొదటికే వచ్చిందిగా!" అన్న రెండు అంగల్లో స్పీకరు దగ్గరికి వెళ్లాడు. "గురూ, ఒక్క నిమిషం, ముట్టుకోకు..."

గిటారిస్టు అప్పటికే పెడల్ నొక్కాడు. వాల్యూమ్ అని ఉన్న నాబ్ తిప్పాడు. కిటికీ అద్దాలు అదిరాయి. టోన్ అని ఉన్న నాబ్ తిప్పాడు. కీచుగా ఉన్న మోత మెత్తబడింది. రెండూ అక్షరాల్లో ఉన్నట్టే పనిచేశాయి.

"ఏంటి గురూ, ఆగమన్నావు?"

"ఏం లేదు... దుమ్ముంటే తుడుద్దామని."

"దుమ్మా? దీని మీదా?" గిటారిస్టు నవ్వుతూ పెడల్ తిరగేశాడు. "అన్నీ బావున్నాయి గానీ, వెనక ఒక స్క్రూ లేదేం?"

"నాలుగూ నేనే బిగించానే!" అన్నాడు అన్న.

"నేను విప్పేటప్పటికే మూడున్నాయి" అంది చెల్లెలు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నాన్న పేపరు మడిచాడు. చొక్కా జేబులోంచి చిన్న స్క్రూ తీసి బల్ల మీద పెట్టాడు.