దిద్దిన పుస్తకం

"మీరే చదవండి మేడమ్!" బస్సు కండక్టరు తన కూతురి హోంవర్కు పుస్తకాన్ని టీచరు బల్లమీద విసిరినంత పని చేశాడు. అయిదో తరగతి కూతురు పక్కనే తలొంచుకుని నిలబడింది.

లెక్క మధ్యలో పిల్ల రాసింది: 'టీచర్, నాకు భాగహారం రావట్లేదు. మళ్ళీ చెప్తారా?' దానిమీద ఎర్రటి టిక్కు, పక్కన 'గుడ్'. అలాంటివి మూడు పేజీలు చూసేసరికి ఒళ్ళు మండి, యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఈ టిక్కులు చూసి, నా కూతురికి చదువు బాగా వస్తోందని బస్సంతా చెప్పుకున్నాను. నమ్మి పంపితే గొంతు కోశారు కదమ్మా!"

టీచరు కళ్ళద్దాలు తీసింది. "తొంభైమందికి నేనొక్కదాన్నే బాబూ. తనిఖీకి వచ్చేవాళ్ళు దిద్దారా లేదా అనే చూస్తారు. నేను చదవకుండానే దిద్దాను. తప్పే."

"ఆ మాట చెప్పడానికి నోరెలా వచ్చింది?"

ఆమె పేజీ అడుగున వేలు పెట్టింది. తల్లిదండ్రుల సంతకం అన్నచోట, టిక్కెట్టు చింపినంత వేగంగా గీసిన అతని సంతకం. ముందు పేజీలోనూ అంతే.

కండక్టరు గొంతు తగ్గింది. "నాకైనా చెప్పొచ్చు కదే తల్లీ?"

"ఆఖరి పేజీ నీకే రాశాను నాన్నా."

తిప్పాడు. 'నాన్నా, టీచర్ చదవట్లేదు. నువ్వైనా వచ్చి చెప్పవా?'

కింద అతని సంతకం.